నల్ల బార్లీ, ఇనుప కడాయి

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. గొప్పకి చెప్పుకోవడం లేదు, ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే ఇందులో ఒకచోట నేను నోరు పారేసుకుంటాను, అదీ నాకు మేలు చేసిన మనిషి మీద. ఇవాళ నా పేరు ముందు డాక్టర్ అని ఉందంటే సగం ఆవిడ చేతి చలవే. ఆ మాట థీసిస్‌లో ఇంగ్లీషులో రెండు వాక్యాల్లో రాశాను. అది సరిపోలేదని ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది.

అప్పట్లో కొత్తపేటలో ఒక సందులో, మూడో అంతస్తులో, ఒక గది, వంటిల్లు కిరాయికి తీసుకుని ఒక్కదాన్నే ఉండేదాన్ని. మాది గుంటూరు వైపు. పొద్దున దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మధ్యాహ్నం మెట్రో ఎక్కి ఊరికి అటు చివరనున్న ల్యాబ్‌కి పోయి పీహెచ్‌డీ పని చేసుకునేదాన్ని. నా విషయం రంగు బార్లీలో ఉండే పీచు. ఎవరికి చెప్పినా మొదట నవ్వేవాళ్లు, తర్వాత జాలిపడేవాళ్లు.

మా ఇంటి ఓనరావిడ కింద పిండి గిర్ని నడిపేది. మేం మర అంటాం, ఆవిడ గిర్ని అంటుంది. పెళ్లయిన కొత్తలో నల్లగొండ దగ్గర పల్లె నుంచి వచ్చి, భర్త పోయాక కూడా ఆ గిర్నిని ఒక్కతే నడుపుకొస్తోంది. యాభై అయిదు దాటిన మనిషి. కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి ఉండేది. నేను ఆంటీ అనేదాన్ని, ఆవిడ నన్ను బిడ్డా అనేది.

ఆవిడకో పద్ధతి ఉంది. ఎవరు డబ్బా తెచ్చినా ముందు నాలుగు గింజలు తీసి పంటి కింద వేసుకుంటుంది. టక్కుమని విరిగితే పిండి పడుతుంది. మెత్తగా నలిగితే, తెచ్చింది ఎంతటివాళ్లయినా సరే, "మెత్తగున్నయ్, ఎండబెట్టి తే" అని డబ్బా వెనక్కి నెట్టేస్తుంది. మెత్తబడ్డ గింజ గిర్ని రాయికి అంటుకుపోతుందట, పిండికి నాలుగు రోజుల్లో పురుగు పడుతుందట. వానాకాలంలో మా సందులో సగం మంది నిండు డబ్బాలు పట్టుకుని సణుక్కుంటూ వెనక్కి పోతుండేవాళ్లు. మళ్లీ మర్నాడు ఆవిడ దగ్గరికే వచ్చేవాళ్లు.

నా బార్లీని ఆవిడ మొదటిసారి చూసిన రోజు నాకు బాగా గుర్తు. మెట్ల దగ్గర సంచీ మూతి విప్పి చూపించాను.

"ఏంది బిడ్డా ఇవి, గింత నల్లగున్నయ్?"

"బార్లీ ఆంటీ."

"బార్లీ తెల్లగుంటది గద. మూత్రం మంట పుడితే కాగబెట్టుకొని తాగుతం."

"అది పొట్టంతా తీసేసి పాలిష్ పెట్టింది. అసలు గింజల్లో నల్లవి, ఊదావి, నీలంవి కూడా ఉంటాయి. నలుపు పైపొట్టులో ఉంటుంది. ఊదా దాని కింది పొరలో. నీలం ఇంకా లోపల."

"మరి గందుల నువ్వేం చూస్తవ్?"

"పీచు."

"పీచా? మామిడి టెంకకు ఉంటది, గదేనా?"

పండ్ల మార్కెట్ ఇంకా ఇక్కడున్న రోజుల్లో ఆ సందంతా మామిడి టెంకలే. ఆవిడకి పీచు అంటే పళ్లలో ఇరుక్కునేదే. నేను పాఠం చెప్పే మనిషిని కదా, అక్కడే మెట్ల మీద కూర్చుని మొదలుపెట్టాను. పీచు రెండు రకాలు. ఒకటి నీళ్లలో కరగదు, ఊరికే ఉబ్బుతుంది. రెండోది కరిగి జిగురవుతుంది, నానిన సబ్జా గింజల చుట్టూ ఉండే జిగురులాగా. బార్లీ గొప్పతనం ఈ రెండోదాంట్లో ఉంది. అది చక్కెర అణువులు వరసగా గుచ్చిన పొడుగు దండ. అయితే మూడు నాలుగు పూలకోసారి దారం కాస్త వంకరగా కట్టినట్టు ఉంటుంది. వంకర లేని దండలైతే ఒకదాని మీద ఒకటి అతుక్కుని కట్ట కట్టుకుపోతాయి, నీళ్లు లోపలికి పోవు. ఆ వంకరల వల్ల ఇవి విడివిడిగా ఉండి నీళ్లను పట్టుకుంటాయి, గంజి చిక్కగా అవుతుంది. ఆ చిక్కదనం కడుపులో ఉంటే తిన్న తిండిలోని చక్కెర రక్తంలోకి మెల్లగా పోతుంది. దండ ఎంత పొడుగుంటే అంత చిక్కన.

ఆవిడ అంతా విని, "అయితే నాసొంటి షుగరున్నోళ్లకు పనికొస్తదన్నట్టు. మంచి చదువే చదువుతున్నవ్" అంది. నా చదువు గురించి అంత సూటిగా మంచి మాట అన్నది ఆవిడొక్కతే. మా వాళ్లు కూడా అనలేదు.

మంచి చదువే గానీ అది నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది. గంజి చిక్కదనం కొలవడానికి ల్యాబ్‌లో ఒక యంత్రం ఉంది. గిన్నెలో గంజి పోస్తే దాంట్లో చిన్న కడ్డీ తిరుగుతుంది, తిరగడానికి ఎంత కష్టపడుతుందో అదే చిక్కదనం. మా గంజి ఉడికించేది కాదు, గోరువెచ్చటి నీళ్లలో పిండి కలిపేదే. నేను చేసిన గంజి పొద్దున చక్కగా చిక్కగా ఉండేది, మధ్యాహ్నానికి పల్చబడేది, సాయంత్రానికి నీళ్లు. నల్ల బార్లీది మరీ అన్యాయం. ఇవాళ్టి అంకె రేపు రాదు. రేపటి అంకె ఎల్లుండికి సగం. నీళ్లు పట్టే గుణం, ఉబ్బే గుణం కుదిరాయి. సూక్ష్మదర్శినిలో తీసిన ఫొటోలు కూడా బాగా వచ్చాయి, నల్ల బార్లీ పీచు పొరలు పొరలుగా, సందుల్లో బొక్కలతో అందంగా కనిపించేది. చిక్కదనం ఒక్కటే చేతికి చిక్కలేదు. అది లేకపోతే థీసిస్ లేదు, ఎందుకంటే థీసిస్ పేరులోనే అది ఉంది.

మా గైడ్ సారు కోప్పడే మనిషి కాదు. అదే ఇంకా భయం. ఆ ఏడు ఆషాఢంలో నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పారు.

"మీకు ఇచ్చిన రెండు పొడిగింపులూ అయిపోయాయమ్మా. ఇంకో ఆరు వారాల్లో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నేను అడిగి చూశాను, ఇక కుదరదన్నారు."

"నల్ల బార్లీ ఇంకో రెండు కిలోలే ఉంది సార్."

"మళ్లీ పంట రావాలంటే ఏడాది. ఉన్నదాంతోనే చెయ్యండి. ఈసారి జాగ్రత్తగా చెయ్యండి."

ఆరేళ్ల పని. ఆ నల్ల గింజలు కొండ ప్రాంతంలో ఒక రైతు విత్తనం కోసం దాచుకున్న వాటిలోంచి సారు బతిమాలి తెప్పించినవి. ఆ రెండు కిలోలు చెడిపోతే నేను మళ్లీ ఊరికే కెమిస్ట్రీ టీచర్ని. టీచర్‌గా ఉండటం తప్పని కాదు. ఆరేళ్లు పండగలకి ఊరెళ్లకుండా, మంచి చీర కొనుక్కోకుండా, మెట్రోలో నిలబడి తిరిగి తిరిగి, చివరికి ఏం చేశావంటే ఏమీ లేదని చెప్పాల్సి వస్తుంది. అది తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

సరిగ్గా అప్పుడే ల్యాబ్‌లో పిండి పట్టే యంత్రం మోటారు కాలిపోయింది. బాగు చేసే మనిషి రావడానికి పది రోజులన్నారు. సారు, "మీ ఇంటి దగ్గర మర ఉందన్నారుగా, ముందు పిడికెడు పట్టించి పారేసి, తర్వాత మనది పట్టించండి" అన్నారు. నల్ల బార్లీని ల్యాబ్ ఫ్రీజర్లోంచి తీసి స్టీలు డబ్బాలో పోసుకుని ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున క్లాసుకి పోతూ ఆవిడ చేతికిచ్చాను.

"ఆంటీ, ఇది ప్రాణంతో సమానం. దీని ముందు శనగలు, మిరపకాయలు పట్టకండి. మొదటి పిడికెడు పారేయండి. మిగతాది డబ్బాలోకి."

"నాకు చెప్పాల్నా బిడ్డా. పోయి రా."

పదకొండింటికి క్లాసు ముగించుకుని వచ్చాను. సన్నగా వాన పడుతోంది. సందు మొదట్లోనే కమ్మటి వాసన తగిలింది. ఎవరింట్లోనో ఉగ్గుపిండికి వేయిస్తున్నారు అనుకున్నాను. మెట్ల దగ్గరికి వచ్చేసరికి వాసన ఎక్కువైంది. గిర్ని వెనక గ్యాస్ పొయ్యి మీద పెద్ద ఇనుప కడాయి, పక్కన నా స్టీలు డబ్బా. డబ్బాలో వెచ్చటి పిండి ఉంది.

ఫ్రిజ్‌లోంచి తీసిన గింజ వాన గాలికి చెమ్మ పట్టింది. ఆవిడ అలవాటుగా పంటి కింద వేసుకుంది, మెత్తగా నలిగింది. ఇంకెవరిదైనా అయితే ఎండబెట్టి తెమ్మని పంపేది. నన్ను మూడంతస్తులు ఎక్కించడం ఇష్టం లేక, ఎండ లేదని, తనే కడాయిలో పోసి వేయించింది. వాళ్లూళ్లో చంటిపిల్లలకి ఏ పిండి పట్టించినా గింజని వేయించే పట్టిస్తారట.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది వేడి పిండి ఒక్కటే. వేడి తగిలితే పీచు పాడవుతుంది, అంకెలు మారిపోతాయి, ఆరేళ్లూ బూడిదలో పోసినట్టే అని మాత్రమే నా బుర్రకి తోచింది.

"ఎవరు వేయించమన్నారు మిమ్మల్ని?" అన్నాను.

"మెత్తగుండె బిడ్డా. గట్లనే పడితే..."

"మెత్తగుంటే నాకు ఫోన్ చెయ్యాలి. అడక్కుండా ఎందుకు ముట్టుకున్నారు? నా చదువు నాశనం చేశారు. అయినా చదువు సంధ్యా లేనివాళ్ల చేతిలో పెట్టడం నాదే బుద్ధి తక్కువ."

పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు పక్కనే ఉన్నారు. వాళ్లు తల దించుకున్నారు. ఆవిడ కొంగుతో చెయ్యి తుడుచుకుని, "నాకు ఎర్క లేదు బిడ్డా. తప్పైంది" అంది. నేను డబ్బా పట్టుకుని దబదబా మెట్లెక్కి తలుపేసుకున్నాను.

ఆ సాయంత్రమంతా ఏడ్చాను. మర్నాడు కోచింగ్‌కి సెలవు పెట్టి పొద్దున్నే ల్యాబ్‌కి పోయాను. ఎందుకు పోయానంటే, పాడైపోయిందని సారుకి అంకెలతో సహా చూపించడానికి. నాకు దుఃఖంలో కూడా ఋజువులు కావాలి. పాత పచ్చి పిండి ఒక సీసాలో కొద్దిగా మిగిలి ఉంటే, దాంతో ఒక గంజి, వేయించిన దాంతో ఒక గంజి పక్కపక్కన చేసి పెట్టాను. గంటకోసారి కొలిచాను.

పచ్చిది ఎప్పటిలాగే పల్చబడుతూ పోయింది. వేయించింది కదల్లేదు. గంట, రెండు గంటలు, మూడు గంటలు. మధ్యాహ్నం మూడింటికి కూడా పొద్దున ఎంత ఉందో అంతే. యంత్రం పాడైందేమోనని నీళ్లు పోసి చూశాను, నూనె పోసి చూశాను. యంత్రం బాగానే ఉంది.

అప్పుడు తట్టింది. నా ముఖం మీద నేనే కొట్టుకోవాలనిపించింది. గింజలో ఎంజైములు ఉంటాయి. మొలకెత్తేటప్పుడు ఈ పీచు దండలని కత్తిరించి మొలకకి తిండి పెట్టడం వాటి పని. గింజ ఎండుగా ఉన్నంతకాలం నిద్రపోతాయి, నీళ్లు తగలగానే లేచి కత్తిరించడం మొదలుపెడతాయి. నా గంజిని రోజంతా అవే ముక్కలు చేస్తున్నాయి. ఇది నాకు తెలియని సంగతి కాదు. అందుకే పీచు పని చేసేవాళ్లు ముందుగా పిండిని ఆల్కహాల్‌లో మరిగించి ఆ ఎంజైములను చంపేస్తారు. ప్రతి పుస్తకంలో ఉంటుంది. మేం ఆ మెట్టు ఎగరేశాం. ఆల్కహాల్‌లో మరిగిస్తే రంగు దిగిపోతుంది, మాది రంగు బార్లీ కాబట్టి రంగు దక్కించుకోవాలని మొదటి ఏడే మానేశాం. మానేసిన సంగతే తర్వాత మరిచిపోయాం. రంగు కాపాడుకోబోయి పీచు పోగొట్టుకున్నాం.

ఆ పని ఆవిడ కడాయి చేసి పెట్టింది. గింజ చెమ్మగా ఉండటం కూడా కలిసొచ్చింది, చెమ్మతో కలిసిన వేడికి ఎంజైములు త్వరగా చస్తాయి. నల్ల బార్లీ నలుపు వేడికి చెక్కు చెదరదు, రంగూ అలాగే ఉంది.

సారుకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. తర్వాత ఆయనే, "ఆ మెట్టు వద్దన్నది నేనే కదమ్మా" అన్నారు. గురువులు ఆ మాట అనడం నేను మళ్లీ ఎక్కడా వినలేదు. వెంటనే అడిగారు.

"ఎంత వేడిలో వేయించారు?"

"మధ్యరకం మంట అయ్యుంటుంది, సార్. నేను చూడలేదు."

"ఎంతసేపు?"

"గింజ పంటి కింద టక్కుమనేదాకా. ఆవిడ కొలత ఎప్పుడూ అదే."

"అలా థీసిస్‌లో రాయలేం కదమ్మా. ఆవిడ ఏం చేశారో కచ్చితంగా కొలిచి, మళ్లీ అలాగే చేస్తే మళ్లీ అదే వస్తుందని చూపిస్తేనే ఈ పిండి పనికొస్తుంది. లేకపోతే లేదు."

అంటే నా ఆరేళ్లు ఇప్పుడు ఆవిడ చేతిలో ఉన్నాయి. నిన్న నేను చదువు సంధ్యా లేదన్న చేతిలో.

పరుగున ఇంటికొచ్చాను. గిర్నికి తాళం. ఆవిడ మధ్యాహ్నం పూట గిర్ని మూయడం నేనెప్పుడూ చూడలేదు. పక్కింటివాళ్లని అడిగితే పొద్దున పోయింది, ఎక్కడికో చెప్పలేదు అన్నారు. ఊరికి వెళ్లిపోయిందేమో అని భయపడ్డాను. నన్ను ఇల్లు ఖాళీ చెయ్యమంటుందేమో అని కూడా అనిపించింది, అన్నా తప్పు లేదు. మెట్ల మీద కూర్చున్నాను.

అయిదు దాటాక వచ్చింది. చీర కుచ్చిళ్లు బురద. చేతిలో గుడ్డసంచీ. నన్ను చూసి మెట్టు మీద సంచీ దించి, ఊపిరి తీసుకుని చెప్పింది.

"నల్లది దొరకలేదు బిడ్డా. మలక్‌పేట గంజ్ మొత్తం తిరిగిన. ప్రతి దుకాణంల అడిగిన. నల్ల బార్లీ ఏంది, గట్ల ఉండది, నీకెవరో మజాక్ చేసిన్రు అన్నరు. తెల్లదే ఉంది. రెండు కిలోలు తెచ్చిన. గిది పనికొస్తదా జర చూడు."

ఆ వానలో, మోకాళ్ల నొప్పులతో, షుగర్ మనిషి, అన్నం తినకుండా, ఊళ్లో ఎవరి దగ్గరా లేని గింజ కోసం ఆ ధాన్యం బజారంతా దుకాణం దుకాణం తిరిగింది. వాళ్లు నవ్వుతుంటే ఓర్చుకుంది. నేను నడిమెట్ల మీద చంటిపిల్లలా బావురుమన్నాను.

"ఏమైంది బిడ్డా? మొత్తం ఖరాబైందా?"

"ఖరాబు కాలేదు ఆంటీ. మీరు వేయించడం వల్లే బాగుపడింది. ఇన్నేళ్లు నేను చేసిందే తప్పు."

ఆవిడ నా ముఖంలోకి అనుమానంగా చూసింది. తనని ఓదార్చడానికి చెప్తున్నానేమో అనుకుంది. అంతా విడమరిచి చెప్పాను. గింజలోని కత్తెరలు, దండలు, వేడికి అవి చావడం. ఆవిడకి అర్థమయ్యేసరికి ముఖం మీద చిన్న కోపం వచ్చింది.

"మరి గట్లయితే నన్నెందుకు పరేషాన్ చేసినవ్? పొద్దటిసంది తిరిగి తిరిగి నా కాళ్లు పడిపోయినయ్."

అని నవ్వింది. నేనూ నవ్వాను. పైకి తీసుకుపోయి అన్నం పెట్టాను, పప్పు, గోంగూర పచ్చడి. ఎర్రకారం ఎక్కువైందని వంక పెడుతూనే రెండుసార్లు వడ్డించుకుంది. ఆ సంతోషంలో, హడావిడిలో, నేను అన్న మాట గురించి ఎవరూ ఎత్తలేదు. ఆవిడ మర్చిపోయిందని నేను తీర్మానించుకున్నాను.

ఆదివారం పొద్దున కొలతలు మొదలుపెట్టాం. ల్యాబ్ నుంచి తీగ ఉన్న థర్మామీటర్ తెచ్చాను. గంజ్ నుంచి ఆవిడ తెచ్చిన తెల్ల బార్లీనే ఫ్రీజర్లో పెట్టి, తీసి, చెమ్మ పట్టనిచ్చి, ఆ రోజులాగే చేశాం. ఆవిడ ముందు బిగుసుకుపోయింది. తీగ కడాయిలో పెట్టేసరికి కొత్త పెళ్లికూతురిలా గరిట తిప్పింది.

"ఆంటీ, నన్ను చూడకండి. రోజూ ఎలా చేస్తారో అలా చెయ్యండి."

"నువ్వు పోలీసు లెక్క నిలబడితే ఎట్ల చేస్త?"

నేను అటు తిరిగి కూర్చున్నాను. అప్పుడు ఆవిడ చెయ్యి తన పని తను చేసుకుపోయింది. ఎప్పుడు మంట తగ్గిస్తుందో, ఎప్పుడు గింజని పక్కకి లాగి మధ్యలో ఖాళీ చేస్తుందో, ఎప్పుడు నాలుగు గింజలు తీసి ఊది పంటి కింద వేసుకుంటుందో, అన్నీ గడియారంతో సహా రాసుకున్నాను. రెండోసారి చేయించాను, మూడోసారి చేయించాను. మూడుసార్లూ ఆవిడ దించమన్నప్పుడు థర్మామీటర్ దాదాపు ఒకే అంకె దగ్గర ఉంది. ఆవిడ ఒక్కసారి కూడా థర్మామీటర్ వంక చూడలేదు, చూసినా ఆ అంకెలతో ఆవిడకి పనిలేదు. నేను ఆరేళ్లలో ఒకే అంకె మూడుసార్లు తెప్పించలేకపోయాను. ఆవిడ పళ్లు తెప్పించాయి.

ఆ అంకెనే ల్యాబ్ ఓవెన్లో పెట్టి మిగతా గింజలు, ఊదా, నీలం, ల్యాబ్‌లో ఉన్న తెల్లవి కూడా వేడి చేశాం. ఊదా బార్లీ కొంచెం వెలిసిపోయింది, నీలం ఇంకొంచెం. నలుపు అలాగే ఉంది. గంజి మాత్రం నాలుగూ నిలబడ్డాయి. నల్లది అన్నిటికంటే చిక్కగా. ఆరు వారాల గడువుకి మూడు రోజుల ముందు థీసిస్ ఇచ్చాను. నల్ల, ఊదా, నీలం, పరిశోధన కేంద్రం పంపిన తెల్లది, ఈ నాలుగూ నా నమూనాలు. గంజ్ బార్లీ ఐదోది. నమూనాల పట్టికలో, ఎక్కడి నుంచి తెచ్చామో రాసే గడిలో, దాని ఎదురుగా అందరూ రాసినట్టే నేనూ 'స్థానిక మార్కెట్' అని రాశాను. వేయింపు పద్ధతి నేర్పినందుకు ఆవిడ పేరు కృతజ్ఞతల పేజీలో పెట్టాను.

ఎనిమిది నెలల తర్వాత వైవా. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు అంటే ఆవిడని రమ్మన్నాను. గిర్ని మూసి, పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఆఖరి కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని రెండు గంటలు కూర్చుంది. అంతా ఇంగ్లీషు. ఆవిడ మాటలు వినడం మానేసి మా ముఖాలు చూస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషి, మెత్తగా అడుగుతూనే ఎముకలు లెక్కపెట్టే రకం. ఆయన పట్టిక మీద వేలు పెట్టి అడిగారు.

"ఈ వేయింపు పద్ధతంతా ఐదో నమూనా మీద నిలబడింది. స్థానిక మార్కెట్ అంటే ఎక్కడ, ఎవరు కొన్నారు, ఎందుకు దీన్నే తీసుకున్నారు?"

సారు నా వైపు చూశారు. నేను అబద్ధం ఆడలేదు గానీ నిజం కూడా రాయలేదని అప్పుడు తెలిసింది. "మలక్‌పేట గంజ్‌లో కొన్నది, సార్. నేను కొనలేదు. నల్ల బార్లీ పాడైందని నేను తిడితే, దాని బదులు ఇద్దామని ఒకావిడ వానలో తిరిగి తెచ్చింది. ఆవిడ వెనక కూర్చుని ఉంది" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి ఆఖరి కుర్చీ వైపు చూశారు. తర్వాత పట్టికలో ఆ గడి దిద్దమని, ఉన్నది ఉన్నట్టు రాయమని చెప్పి నవ్వారు. ఇంకో పావుగంటలో అయిపోయింది.

బయటికి రాగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"ఆ సారు నన్ను చూసి నవ్విండు. ఏమన్నడు? నా వల్ల ఖరాబైందా?"

"లేదు ఆంటీ. ఇచ్చేశారు. డాక్టరేట్ వచ్చింది."

ఆవిడ గోడకి ఆనుకుని కళ్లు మూసుకుంది. తన వల్ల నా చదువు చెడిందేమోనన్న భయాన్ని ఆవిడ ఇన్ని నెలలుగా మోస్తోందని నాకు అప్పటిదాకా తెలియదు.

మెట్రోలో ఇద్దరికీ సీట్లు దొరికాయి. వైవాలో జరిగిందంతా తెలుగులో చెప్తుంటే మా స్టేషన్ దాటిపోయింది, ఎల్బీ నగర్ ఆఖరు కాబట్టి అందరితో పాటు దిగాం. నల్లగొండ, సూర్యాపేట బస్సుల కోసం జనం సంచీలతో మెట్లు దిగుతున్నారు. మేం ఎదురు రైలు కోసం బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ, ఆ జనం మధ్య, ఎందుకో ఇక ఆగలేకపోయాను.

"ఆంటీ, ఆ రోజు మిమ్మల్ని చదువు సంధ్యా లేదని అన్నాను. అందరి ముందూ అన్నాను. ఆ మాటకి మిమ్మల్ని క్షమించమని అడగనేలేదు."

'మర్చిపోయిన, పోనీ' అంటుందనుకున్నాను. 'ఏ మాట?' అని అడుగుతుందేమోనని కూడా ఆశపడ్డాను. ఆవిడ కొంగు సర్దుకుని, పట్టాల వైపు చూస్తూ చెప్పింది.

"యాది ఉన్నది బిడ్డా. గిప్పుడు అడిగినవ్ గద. చాలు."

రైలు వచ్చింది. ఆవిడ మోకాలు పట్టుకుని లేవబోతుంటే చెయ్యి అందించాను, నా చెయ్యి పట్టుకుని లేచింది.